మీటరు మెచ్చిన యాంటెన్నా

రెండేళ్ల కిందట వానలు వెనకబట్టాక మా మేడ మీది యాంటెన్నాకు ఉన్నట్టుండి మంచి రోజులొచ్చాయి. మే నెలలో కట్టినప్పుడు దాని ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిదంటారు) 1.6 ఉండేది. దసరా నాటికి 1.3 అయింది. కార్తీక మాసం వచ్చేసరికి మీటరు ముల్లు 1.1 దగ్గర కుదురుగా కూర్చుంది. నేను చెయ్యి పెట్టింది లేదు, తీగ కోసింది లేదు. దానంతట అదే సర్దుకుందని మురిసిపోయి, ఇంట్లోవాళ్లను పిలిచి ముల్లు చూపించాను కూడా. వాళ్లు మర్యాదకి చూశారు.

సరిగ్గా అప్పుడే, పొద్దున పూట 7 మెగాహెర్ట్జ్ మీద కలుసుకునే హామ్ మిత్రులు (సరదా కోసం సొంత రేడియోతో మాట్లాడుకునేవాళ్లు) కొత్త పాట ఎత్తుకున్నారు. "ఓఎం, ఈమధ్య మీరు కిందికి పోతున్నారండీ. మాటలు అందడం లేదు" అని. ఓఎం అంటే ఓల్డ్ మ్యాన్, హామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే పిలుపు. నేను ఆకాశాన్ని తప్పుపట్టాను. మన సిగ్నల్‌ను కిందికి తిప్పి పంపే అయనోస్ఫియర్ రోజుకో తీరుగా ఉంటుంది, దాని మీద నెపం వేస్తే అడిగేవాళ్లుండరు. కానీ రెండు వీధుల అవతల ఇంకో హామ్ ఉన్నారు, ఆయన సిగ్నల్ మాత్రం ఎప్పటిలాగే గంట కొట్టినట్టు వినబడుతోందట. ఆకాశం ఇద్దరికీ ఒకటే కదా.

రాజమండ్రిలో మా అందరికీ పెద్దదిక్కు లాంటి ఒకాయన ఉన్నారు. ఆయనకు చెప్పుకున్నాను.

"ముందు ఎంతుండేది?"

"1.6 అండీ."

"ఇప్పుడు 1.1. నువ్వేమీ చెయ్యకుండానే?"

"అవునండీ."

"అయితే యాంటెన్నా జోలికి పోకు నాయనా. కేబుల్ విప్పి చూడు."

ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. ఎక్కాలంటే ఇంపెడెన్స్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

బావి చాంతాడు ఒక కొసను స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కసారి విదిలించి చూడండి. మూపురం లాంటి అల ఒకటి తాడు వెంట పరుగెత్తి, స్తంభాన్ని తాకి, తలకిందులై మీ చేతికే తిరిగొస్తుంది. స్తంభం బదులు తాడు చివర బరువైన మోకు ముడివేస్తే, అలలో కొంత మోకులోకి పాకుతుంది, మిగిలింది ముడి దగ్గరే వెనక్కి మళ్లుతుంది. అలా కాక అదే లావు, అదే బరువు ఉన్న తాడును ముడివేశారనుకోండి, అక్కడ ముడి ఉన్న సంగతే అలకు తెలియదు. ఇంపెడెన్స్ కలపడం అంటే ముడిని అలకు కనబడకుండా చెయ్యడం, అంతే. ఇక్కడ చాంతాడు కేబుల్, మోకు యాంటెన్నా.

ఇంపెడెన్స్ అనే మాటను 1886లో వాడుకలోకి తెచ్చినవాడు ఆలివర్ హెవిసైడ్. పదహారేళ్లకు బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి, ఇరవై నాలుగేళ్లకు ఆ ఉద్యోగమూ వదిలేసి, ఇంట్లో కూర్చుని తీగల్లో అలలెలా పరుగెడతాయో లెక్కలు కట్టిన ఇంగ్లీషువాడు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ మాటను అవరోధం అన్నారు. నాకు ఆ అనువాదం మీద చిన్న ఫిర్యాదుంది. అవరోధం అనగానే దారికి అడ్డంగా పెట్టిన కంప గుర్తొస్తుంది. కేబుల్ విషయంలో అది అడ్డూ కాదు, కంపా కాదు. నమ్మకపోతే 50 ఓముల కేబుల్ అని కొన్నదాన్ని మల్టీమీటరుతో కొలవండి. మధ్య తీగ ఈ కొస నుంచి ఆ కొసకు ఒక ఓము కూడా చూపకపోవచ్చు. మధ్య తీగకూ చుట్టూ ఉన్న రాగి అల్లికకూ మధ్య కొలిస్తే అసలు దారే లేదంటుంది. 50 ఎక్కడా దొరకదు.

అది అల మోసుకెళ్లే వోల్టేజీకీ, కరెంటుకూ ఉన్న నిష్పత్తి. కేబుల్లోకి అప్పుడే అడుగుపెట్టిన అలకు అవతలి కొసన ఏముందో తెలియదు. అయినా పరుగు ఆపదు. 50 ఓముల కేబుల్లో 100 వాట్లు పంపితే దాదాపు 71 వోల్టులు, 1.4 ఆంపియర్లు వెంట తీసుకుని బయలుదేరుతుంది. ఆ నిష్పత్తిని తేల్చేవి మూడే: మధ్య తీగ లావు, బయటి అల్లిక వ్యాసం, రెంటి నడుమ ఉన్న ప్లాస్టిక్. కేబుల్ పది మీటర్లున్నా వంద మీటర్లున్నా ఆ అంకె మారదు. నడుమ గాలి తప్ప ఏమీ లేని కేబుల్లో అన్నిటికంటే తక్కువ నష్టం 77 ఓముల దగ్గర వస్తుంది, అన్నిటికంటే ఎక్కువ పవర్ మొయ్యగలిగేది 30 దగ్గర. ప్రసారం చేసేవాళ్లు ఈ రెంటి నడుమ 50కి రాజీపడ్డారు. అందుకున్న బలహీనమైన సిగ్నల్‌ను జాగ్రత్తగా దించుకోవాల్సిన టీవీ వాళ్లు 75 దగ్గర ఆగారు.

ఇక మోకు సంగతి. ఇంట్లో కట్టుకునే యాంటెన్నాల్లో మొదటి పాఠం డైపోల్. అలలో సగం పొడవు తీగ తీసుకుని, నట్టనడుమ తెంపి, తెంపిన చోట కేబుల్ కలపడమే. ఆకాశంలో ఒంటరిగా వేలాడే సన్నని డైపోల్ లెక్క ప్రకారం 73 ఓములు చూపిస్తుంది, కచ్చితంగా సగం పొడవుంటే దానికి కొసరుగా 42 ఓముల ప్రతిరోధం (రియాక్టెన్స్). తీగను ఓ ఐదు శాతం కురచ చేస్తే ఆ కొసరు పోతుంది. హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు శుభాకాంక్షలకు గుర్తుగా చెప్పే అంకె కూడా 73 కావడం కాకతాళీయం. టెలిగ్రాఫ్ రోజుల నాటి ఆ ఆనవాయితీకీ ఈ ఓములకూ చుట్టరికం ఏమీ లేదు.

ఈ 73 ఓముల్లో వేడెక్కే వస్తువేదీ లేదు. ఆ తీగ నుంచి శక్తి ఆకాశంలోకి వెళ్లిపోతోంది, ఆ వెళ్లిపోవడం కేబుల్ కంటికి నిరోధంలా కనిపిస్తోంది. పోయింది పోయిందే, ఖర్చు ఖర్చే. మంచి ఖర్చు, చెడ్డ ఖర్చు అన్న తేడా కేబుల్‌కు తెలియదు, మీటరుకూ తెలియదు. నా కథకు ఇదే కీలకం.

73ను 50 ఓముల కేబుల్‌కు తగిలిస్తే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగించండి: 23 బై 123, అంటే దాదాపు 0.19. దాన్ని అదే సంఖ్యతో గుణిస్తే వెనక్కి తిరిగే పవర్ వాటా వస్తుంది, నూటికి మూడున్నర వాట్లు. ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు 1.5. అవతల వినేవాడి చెవికి ఈ తేడా చచ్చినా తెలియదు. ఎస్‌డబ్ల్యూఆర్ 2 అయితే నూటికి 11 వెనక్కి వస్తాయి, 3 అయితే 25. కొత్త ట్రాన్సిస్టర్ సెట్లు 2 దాటగానే భయపడి పవర్ తగ్గించుకుంటాయి, అందుకే 2 అనేది లక్ష్మణరేఖ అయి కూర్చుంది.

పైగా 73 అనేది పుస్తకంలో మాట. 7.1 మెగాహెర్ట్జ్ అల పొడవు 42 మీటర్ల పైచిలుకు. దాని డైపోల్ లెక్కలో ఉన్నట్టు ప్రవర్తించాలంటే 21 మీటర్ల ఎత్తున కట్టాలి. రెండంతస్తుల మేడ మీద వెదురు గడ పాతి కట్టేవాళ్లం మనం. ఎనిమిది మీటర్ల ఎత్తులో నేల తన ప్రభావం చూపి ఆ నిరోధాన్ని 50-60 దగ్గరికి దించుతుంది. రెండు చేతులనూ కిందికి వాల్చి తలకిందులు ‘వి’ ఆకారంలో కడితే ఇంకాస్త దిగుతుంది. ఎత్తైన టవరు కొనలేనివాడికి కేబుల్‌తో పొత్తు తేలిగ్గా కుదరడం ఒక వింత న్యాయం. అలా దిగినందుకు సిగ్నల్ దూరదేశాలకు కాక నెత్తిన ఉన్న ఆకాశానికి ఎక్కువ పోతుందనుకోండి, మన పొద్దుటి కబుర్లకు అదే కావాలి. నా యాంటెన్నా 1.6 చూపడానికి కారణం వేరే. దాని ఒక చెయ్యి పక్కింటి రేకుల షెడ్డు మీదుగా పోతుంది. పక్కింటివాళ్లను షెడ్డు జరపమనలేను.

పొడవు లెక్క తేలిక. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1కి 20 మీటర్ల 14 సెంటీమీటర్లు, చెయ్యికి పది మీటర్ల చొప్పున. కానీ ఇంటి వైరింగ్ తీగ వాడితే పైన ఉన్న పీవీసీ తొడుగు వల్ల తీగ రెండు మూడు శాతం కురచగా ఉండాలి, నేల, గోడలు తమ వంతు కలుపుతాయి. కాబట్టి ఎవరైనా ముందు పొడుగ్గా కట్టి తర్వాత తగ్గిస్తారు. 20.6 మీటర్ల తీగకు ముల్లు అన్నిటికంటే కిందికి దిగింది 6.95 మెగాహెర్ట్జ్ దగ్గరైతే, ఆ రెంటినీ గుణించి 7.1తో భాగిస్తే 20.17. మొత్తం 43 సెంటీమీటర్లు తగ్గాలి, అటు 21, ఇటు 21. కొయ్యకండి, వెనక్కి మడిచి మెలిపెట్టండి. కోసినదాన్ని అతికిస్తూ ఎండలో మేడ మీద కూర్చున్నవాడిగా చెబుతున్నాను. ఒకప్పుడు ఈ కొలతకు ప్రసారం చేస్తూ మీటరు చూడటం తప్ప దారి లేదు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే నానో వీఎన్‌ఏ ఉంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎన్ని ఓములో గీత గీసి చూపిస్తుంది. ప్రసారం చెయ్యడానికి మాత్రం లైసెన్సు, వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ ఉండాలి. వినడానికి మాత్రమే తీగ కట్టుకునేవాళ్లకు ఈ బాధల్లో సగం లేవు. వచ్చే సిగ్నల్‌తో పాటు ఆకాశపు గరగర కూడా అదే వాటాలో తగ్గుతుంది కనుక ఈ బ్యాండ్ల మీద కాస్త పొత్తు కుదరకపోయినా చెవికి లోటు తెలియదు.

నలభై దాటిన తెలుగువాళ్లందరికీ తెలియకుండానే పరిచయమైన ఇంపెడెన్స్ ఒకటుంది, 300 ఓములు. దూరదర్శన్ రోజుల్లో ఇంటింటి మీదా వెలిసిన అల్యూమినియం చేప ముల్లు గుర్తుందా? అందులో ఒక్క గొట్టం మాత్రం నిడుపాటి ఉంగరంలా మడిచి ఉండేది. డైపోల్‌నే అలా మడిస్తే కరెంటు రెండు కడ్డీల మధ్య చెరిసగం అవుతుంది. ప్రసరించే పవర్ అదే, కేబుల్ దగ్గర కరెంటు సగం, కాబట్టి ఇంపెడెన్స్ నాలుగింతలు. నాలుగు డెబ్భై మూళ్లు 292. అక్కడి నుంచి టీవీకి దిగే చదునైన రిబ్బన్ తీగ 300. ముడి కనబడదు.

టీవీలో బొమ్మ పక్కన నీడ బొమ్మ పడితే మెకానిక్ "కేబుల్ మ్యాచింగ్ లేదండీ" అనేవాడు. లెక్క వేసి చూస్తే పాపం కేబుల్ తప్పు తక్కువే. ఇరవై మీటర్ల రిబ్బన్‌లో సిగ్నల్ ఒకసారి వెనక్కి వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులో ఆరో భాగం పడుతుంది. తెర మీద ఒక గీత గీయడానికి పట్టే సమయం దానికి మూడు వందల రెట్లు. నలభై సెంటీమీటర్ల వెడల్పున్న తెర మీద ఆ నీడ ఒక మిల్లీమీటరు చిల్లర పక్కన పడుతుంది, అంటే అంచులు అలుక్కుపోతాయి తప్ప రెండో మనిషి కనబడడు. స్పష్టంగా రెండో మనిషి నిలబడ్డాడంటే ఆ సిగ్నల్ ఏ కొండకో, నీళ్ల ట్యాంకుకో తగిలి చుట్టుతిరిగి వచ్చిందన్నమాట.

టీవీ కేబుల్ గురించి ఇంకో మాట. డిష్‌లకు వాడే 75 ఓముల ఆర్‌జీ-6 ప్రతి ఊళ్లోనూ చవగ్గా దొరుకుతుంది, దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. ఒక అల పొడవున్న తీగను త్రిభుజంగా కట్టే లూప్ యాంటెన్నా దాదాపు 110 ఓములు చూపిస్తుంది. దాన్ని 50కి దించాలి. అలలో పావు వంతు పొడవున్న కేబుల్ ముక్కకు ఒక గుణం ఉంది. ఒక కొసన ఎక్కువ ఓములు తగిలిస్తే రెండో కొసన తక్కువ కనబడతాయి, రెంటినీ గుణిస్తే కేబుల్ ఓముల వర్గం వస్తుంది. 75 వర్గం 5625. దాన్ని 50తో భాగిస్తే 112. ఎవరో మన కోసమే కొలిచి చేసినట్టుంది. కాకపోతే ముక్క పొడవు కొలిచేటప్పుడు కేబుల్లో అల కాస్త నింపాదిగా నడుస్తుందని మరిచిపోకూడదు. గట్టి ప్లాస్టిక్ ఉన్న కేబుల్లో వేగం మూడింట రెండు వంతులు, నురుగు లాంటి ప్లాస్టిక్ అయితే ఐదింట నాలుగు వంతులు దాటుతుంది. ఆర్‌జీ-6 లో నురుగే, కాబట్టి 7.1కి ఎనిమిది మీటర్ల ముప్పావు.

ఈ మధ్యవర్తిత్వం రేడియోవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. చెరువులో మునిగితే గట్టు మీది మాటలు వినబడవు, ఎందుకంటే గాలిలోని ధ్వని నీటిని తాకి వెయ్యిలో 999 వంతులు వెనక్కి పోతుంది. మన లోపలి చెవిలో ఉన్నదీ నీరే. అయినా వినబడుతోందంటే, కర్ణభేరికీ ఆ నీటికీ మధ్య మూడు బుల్లి ఎముకలు కూర్చుని, పెద్ద పొర మీది ఒత్తిడిని దానిలో పదిహేనో వంతు, ఇరవయ్యో వంతు ఉన్న చిన్న కిటికీ మీదికి పోగుచేసి అందిస్తున్నాయి. సన్నాయి చివర గంటలా విచ్చుకునేది కూడా గొట్టంలోని గాలిని బయటి గాలికి మెల్లమెల్లగా అప్పగించడానికే.

కేబుల్‌కూ డైపోల్‌కూ ఓములు కలిసినా ఇంకో పేచీ మిగులుతుంది. డైపోల్‌కు రెండు చేతులూ సమానం. కోయాక్స్ కేబుల్లో మధ్య తీగ దాక్కుని ఉంటుంది, అల్లిక బయటికి కనబడుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో మిల్లీమీటరులో నలభయ్యో వంతు లోతుకే దిగుతుంది, కాబట్టి అల్లిక లోపలి ముఖం ఒక తీగ, బయటి ముఖం ఇంకో తీగ. ఈ మూడో తీగ ఎవరూ పిలవకుండానే యాంటెన్నాలో చేరుతుంది. కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే ముల్లు కదలడం, మైకు పెదవికి తగిలితే చురుక్కుమనడం దాని ఆనవాళ్లు. మందు సులువు: కేబుల్ డైపోల్‌ను కలిసేచోట ఒక ఫెరైట్ రింగు చుట్టూ దాన్నే పది పన్నెండు చుట్లు తిప్పడం. లోపల పోయే సిగ్నల్‌కు ఆ చుట్లు ఉన్నట్టే తెలియదు, బయట పాకేది అక్కడే ఆగుతుంది.

ట్యూనర్ అనే పెట్టె సంగతి చాలామంది పొరబడతారు. అది రేడియో పక్కన కూర్చుని రేడియోకు 50 ఓములు చూపిస్తుంది. మేడ మీది ముడి అలాగే ఉంటుంది. కేబుల్లో అలలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. తిరిగొచ్చిన పవర్ అక్కడికక్కడే మాయమైపోదు, ట్యూనర్ దాన్ని మళ్లీ పైకి తోలుతుంది. ప్రతి ప్రయాణానికీ కేబుల్ సుంకం వసూలు చేస్తుంది, అసలు నష్టం అది. సుంకం తక్కువైతే ఎన్నిసార్లు తిరిగినా బాధలేదు. పాతకాలపు హామ్‌లు తొడుగు లేని రెండు తీగలను కొయ్యపుల్లలతో ఎడంగా నిలిపి చేసుకున్న 600 ఓముల నిచ్చెన తీగలో ఎస్‌డబ్ల్యూఆర్ 8 ఉన్నా ప్రపంచమంతా మాట్లాడారు.

సుంకం ఎక్కువైతే? అక్కడ మీటరు అబద్ధం మొదలవుతుంది. నిజానికి అబద్ధం కాదు, మనం అడగని ప్రశ్నకు జవాబు. మీటరు చెప్పేది వెనక్కి ఎంత వచ్చిందన్న ఒక్క ముక్కే. ఆయిల్ డబ్బాలో ముంచిన 50 ఓముల రెసిస్టరును తగిలించండి, ముల్లు 1.0 దగ్గర దణ్ణం పెట్టి నిలబడుతుంది, మీ గొంతు మాత్రం వీధి చివరికి పోదు. కురచ తీగకు కాయిల్ చుట్టి కారు మీద పెట్టే యాంటెన్నాను చూడండి. ఆకాశానికి పంపే నిరోధం 5 ఓములు, కాయిల్, నేల కలిసి తినేది 45 అనుకుందాం. కూడితే 50, బ్రహ్మాండమైన పొత్తు. వందలో పది వాట్లు పైకి, తొంభై వేడికి. నాణ్యమైన కాయిల్ పెట్టి నష్టం తగ్గిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ పెరుగుతుంది, కొత్తవాడు కంగారుపడి పాత కాయిలే నయమంటాడు.

ఇప్పుడు పెద్దాయన మాటను లెక్కలో పెడదాం. రేడియో 100 వాట్లు పంపింది. కేబుల్ పాడై అందులో మూడొంతులు తినేసింది, పైకి చేరింది 25. రేకుల షెడ్డు పుణ్యమా అని యాంటెన్నా అందులో ఐదారు శాతం, అంటే దాదాపు ఒకటిన్నర వాటు వెనక్కి పంపింది. దిగివచ్చేటప్పుడు కేబుల్ అందులోనూ మూడొంతులు తినేసింది. మీటరు దగ్గరికి చేరింది వాటులో సగం కూడా లేదు. వందకు అరవాటు కూడా వెనక్కి రాలేదంటే ఎస్‌డబ్ల్యూఆర్ 1.1. ఇంకా విడ్డూరం, అలాంటి కేబుల్ పై కొసన యాంటెన్నా తెగిపోయి పెరట్లో పడి ఉన్నా, పైకెళ్లిన 25 మొత్తం వెనక్కి మళ్లినా, కిందికి చేరేది 6 వాట్ల చిల్లర. మీటరు 1.7 చూపిస్తుంది. ఫరవాలేదనుకుని మనం మైకు అందుకుంటాం.

మరుసటి ఆదివారం గడ దించాను. కేబుల్ కొస చీల్చి మధ్య తీగను ఒక చేతికి, అల్లికను ఇంకో చేతికి అతికిన చోట నేను చుట్టిన నల్లటేపు ఎండకు పెళుసెక్కి విచ్చుకుంది. మే నెలలో కట్టేవాడికి శ్రావణం గుర్తుకురాదు. ఆ సందులోంచి దిగిన నీటిని దీపపు వత్తి నూనెను పీల్చినట్టు రాగి అల్లిక పీల్చుకుంది. మీటరున్నర కిందికి కోసి చూసినా రాగి నల్లగా, అక్కడక్కడ పచ్చగా చిలుముపట్టి ఉంది. ఇంకో రెండు మీటర్లు కోశాను. అప్పుడూ తడే. పై తొడుగును పిండితే చుక్క కారింది. మొత్తం ముప్పై మీటర్లూ పాత ఇనుము వాడికి వేశాను.

కొత్త కేబుల్ వేసి, అతుకు మీద తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేపు వేశాను. కేబుల్ ఇంట్లోకి వచ్చేముందు కిందికి ఒక వంపు తిప్పాను, నీరు అక్కడే కారిపోయేలా. కిందికొచ్చి సెట్టు వేస్తే ముల్లు లేచింది. 1.6.

మర్నాడు పొద్దున మేడ మీద మంచు కురుస్తుండగా పిలిచాను. రాజమండ్రి నుంచి వెంటనే జవాబొచ్చింది.

"ఫైవ్ నైన్. గదిలో పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. మీటరెంత?"

"1.6 అండీ. షెడ్డు వైపు చెయ్యి కాస్త మడిచి చూడమంటారా?"

"చలిగా లేదూ?"

"ఉందండీ."

"మరింకేం, వెళ్లి కాఫీ తాగు. 73."